కర్త లేని వాక్యం



ఈ ఉపన్యాసానికి ఒక చిత్రమైన నియమం ఉంది. ఎవరి జ్ఞాపకార్థం జరుపుకుంటున్నామో ఆయన పేరు ఆహ్వానపత్రం మీద వేయకూడదు, వేదిక మీద పలకకూడదు. ఆ షరతు ఆయనే పెట్టారు. రిటైరైన రోజున శిష్యులు శాలువా కప్పి, మీ పేరు మీద ఏదైనా చేస్తాం మాస్టారూ అంటే, "చెయ్యండిగానీ పేరొద్దు. వ్యాకరణం మాస్టారంటే తెలీనివాడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడ్రా?" అన్నారు. కాబట్టి మనకాయన వ్యాకరణం మాస్టారే. ముప్ఫయ్యేళ్ళకు పైగా హైస్కూల్లో తెలుగు చెప్పారు. పుస్తకాలు రాయలేదు, బిరుదులు పుచ్చుకోలేదు. ఆయన ఆస్తల్లా ఒక ఎర్రసిరా కలం. అది మన కాంపోజిషన్ పుస్తకాల మీద ఎంత రక్తపాతం సృష్టించేదో ఇక్కడున్న సగం మందికి అనుభవమే.

నా అనుభవం ఒకటి చెప్పి విషయంలోకి వస్తాను. ఎనిమిదో తరగతిలో మా గది మూల మంచినీళ్ళ కుండ ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం గంట కొట్టాక మాస్టారు వచ్చేసరికి గదంతా నీళ్ళు, పెంకులు. "కుండ పగిలిపోయింది మాస్టారూ" అన్నాం అందరం ఒక్క గొంతుతో. ఆయన బెత్తం తీయలేదు. బోర్డు మీద రెండు వాక్యాలు రాశారు. 'కుండ పగిలింది.' 'కుండ పగలగొట్టాను.' "మొదటిదాన్లో కర్త కుండే. అంటే అది దానంతట అదే పగిలిందన్నమాట, పాపం. రెండోదాని కర్త ఎవరో లేచి నించోండి." ఎవరూ లేవలేదు. ఇక ఆ పీరియడంతా అదే పాఠం. కాలడం, కాల్చడం. కూలడం, కూల్చడం. తెగడం, తెంచడం. ఒక్క అక్షరం మారితే చాలు, మనిషి వాక్యంలోంచి తప్పించుకుంటాడు, లేదా పట్టుబడతాడు.

(ఆ కుండ కర్త ఎవరో ఈ హాల్లో ఇద్దరికే తెలుసు. ఒకణ్ణి నేను. రెండో ఆయన మూడో వరసలో నేలచూపులు చూస్తున్నారు.)

ఆ పాఠం నాకు యాభై ఏళ్ళు గడిచాక, సముద్రాలవతల, ఒక రాయి ముందు నిలబడ్డప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. ఇవాళ నేను చెప్పబోయేది ఆ రాతి సంగతే.

1

మా అమ్మాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తోంది. కిందటేడు మే నెలలో తన దగ్గరికి వెళ్ళినప్పుడు ఒకరోజు హిరోషిమా వెళ్ళొచ్చాను. అమ్మాయికి సెలవు దొరకలేదు, ఒక్కణ్ణే వెళ్ళాను. బుల్లెట్ రైలు దిగి, స్టేషను దగ్గర ట్రామెక్కి, మీరందరూ ఫోటోల్లో చూసిన ఆ గుమ్మటం దగ్గర దిగాను. 1915లో ఒక చెక్ ఆర్కిటెక్టు కట్టిన ఎగ్జిబిషన్ హాలు అది. ఇప్పుడు బట్టలేని గొడుగులా పైన ఇనుపచువ్వలు మాత్రం మిగిలాయి. దానిముందు ఏరు. ఏరు దాటితే పార్కు.

1945 ఆగస్టు 6, ఉదయం 8.15. ఇంగ్లీషు 'టి' ఆకారంలో ఉన్న అయోయి వంతెనకు గురిపెట్టారు. బాంబు కొంచెం అవతల, ఒక ఆసుపత్రి నెత్తిన, సుమారు 600 మీటర్ల ఎత్తులో పేలింది. ఆ ఏడాది చివరికి పోయినవాళ్ళు సుమారు 1,40,000 మందని ఆ నగరం లెక్క. పదివేలు అటూ ఇటూ కావచ్చునని కూడా వాళ్ళే రాస్తారు. పదివేలంటే మన వైపు ఒక పెద్ద పంచాయతీ. ఒక పంచాయతీ పంచాయతీ ఆ లెక్కలో 'అటూ ఇటూ' అయిపోయింది.

ఏరు రెండుగా చీలే చోట, ముక్కోణపు లంకలా ఉంటుంది పార్కు. పచ్చిక, చెట్లు, నీటి మడుగు, పరిగెత్తే బడిపిల్లలు. ఇది మొదటినుంచీ పార్కే కాబోలు, ఖాళీ స్థలం చూసి స్మారకం కట్టారు కాబోలు అని నేనూ అనుకున్నాను. కాదు. ఆ ఉదయం దాకా అది నకజిమా అనే పేట. నాలుగువేల మందికి పైగా కాపురం ఉన్న చోటు. దుకాణాలు, సినిమా హాలు, గుళ్ళు, వంతెన దిగగానే సందడి. మన విశాఖపట్నం పూర్ణామార్కెట్ వీధుల్ని ఊహించుకోండి. యుద్ధం ముగిశాక ఆ బూడిద మీద కొత్త మట్టి పోశారు. 1949లో పోటీ పెడితే కెంజో తాంగే అనే ఆర్కిటెక్టు బృందం ప్లాను గెలిచింది. 1954 నాటికి పార్కు తయారైంది. 2022లో ఆ పచ్చికలో ఒక ముక్క తవ్వి, అడుగునున్న వీధిని అలాగే ఉంచి, పైన గది కట్టి జనానికి చూపిస్తున్నారు. నేను కిందికి చూశాను. అడుగున బొగ్గయిపోయిన చాప అంచులు. ఎవరింట్లోనో పరిచిన చాప. అప్పటిదాకా ఆ గడ్డి మీద హాయిగా నడిచి వచ్చిన నాకు పాదాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

పార్కు నడుమ ఉంది నేను చెప్పిన రాయి. దాని మీద వంపు తిరిగిన కాంక్రీటు కప్పు, అచ్చం మన పాత గూడుబండి కప్పులాగే. జపానువాళ్ళు పూర్వం సమాధుల దగ్గర మట్టితో చేసి పెట్టే ఇళ్ళ బొమ్మలుంటాయి, ఆ నమూనాలో తాంగే కట్టారు. పోయినవాళ్ళ ఆత్మలు వానకు తడవకూడదని. కప్పు కింద రాతిపెట్టె. వరసలో నిలబడి ఆ పెట్టెముందుకు వస్తే, కప్పులోంచి సూటిగా అవతలి దీపం, దీపం వెనక గుమ్మటం కనిపిస్తాయి. భూమ్మీద అణ్వాయుధాలు ఉన్నన్నాళ్ళూ ఆర్పకూడదని 1964లో వెలిగించారు ఆ దీపాన్ని. ఇంకా వెలుగుతూనే ఉంది. అక్కడ అందరూ తలవంచి మూడేసి క్షణాలు ఆగి పక్కకు తప్పుకుంటున్నారు. నా వంతు వచ్చింది. తల వంచాను. తల వంచితే కళ్ళకెదురుగా అక్షరాలు.

2

మూడే పంక్తులు. రాసినవారు తదయోషి సైకా. హిరోషిమా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం ఆచార్యులు. ఆయన కూడా ఆ బాంబు దెబ్బ తిని బతికినవారే. పోయినవాళ్ళను ఉద్దేశించి, మీరు ప్రశాంతంగా నిద్రపోండి అని మొదలవుతుంది. ఎందుకు నిద్రపోవచ్చో తర్వాత ఉంటుంది: తప్పును మళ్ళీ చేయకపోవడం గురించిన ఒక మాట. ఆ మాటను తెలుగులో పెట్టడమే నా తిప్పలు.

జపాను భాషలో క్రియకు మన భాషలోలా తోక ఉండదు. నేను చేయను, నువ్వు చేయవు, వాడు చేయడు, అది చేయదు, వాళ్ళు చేయరు, మేం చేయం. మనకు క్రియ చివర చూస్తే కర్త ఎవరో తెలిసిపోతుంది. 'రేపు రాను' అన్నామంటే 'నేను' వేరే పలకక్కర్లేదు. వాళ్ళ క్రియ అందరికీ ఒక్కటే. కర్తను పలకకపోతే సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. మామూలు మాటల్లో పోల్చుకోవడం కష్టమేమీ కాదు, టీ తాగుతావా అంటే తాగేది ఎవరో తెలుసు కదా. కానీ రాతి మీద చెక్కినప్పుడు? ఎదురుగా నిలబడి చదివేవాడు రోజుకొకడు మారుతున్నప్పుడు?

సైకా కర్తను చెక్కలేదు.

సరే, తెలుగు చేద్దాం. ఒక దారి సులువు. 'తప్పు మళ్ళీ జరగదు.' వినడానికి బాగుంది. ప్రెస్‌మీట్లలో, విచారణ సంఘాల నివేదికల్లో రోజూ వింటున్నాం. ఇటువంటివి పునరావృతం కావు. మాస్టారు ఉంటే ఎర్రసిరాతో అడిగి ఉండేవారు: జరగదా? జరగడం మానేస్తానని తప్పు నీకు మాటిచ్చిందా? కుండ తనంతట తానే పగిలినట్టు, తప్పు తనంతట తానే ఆగిపోతుందా?

అందుకని ఆ దారి వదిలేశాను. 'చేయం' అనాలి. అంటే మాటిచ్చే మనుషులెవరో ఉన్నారన్నమాట. ఎవరు వాళ్ళు?

ఈ ప్రశ్నే అడిగి గొడవ పెట్టుకున్న మొదటి పెద్దమనుషుల్లో ఒకరు మన దేశం వారే.

3

ఆ రాయిని 1952 ఆగస్టు 6న ఆవిష్కరించారు. మూడు నెలలు తిరిగేసరికి, నవంబరులో, రాధాబినోద్ పాల్ హిరోషిమా వచ్చారు. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా చేసినవారు. జపాను యుద్ధనేతలను విచారించిన టోక్యో ట్రిబ్యునల్‌లో పదకొండు మంది న్యాయమూర్తులుంటే, నిందితులందరూ నిర్దోషులని విడిగా తీర్పు రాసినాయన. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ మీద తీర్పు చెప్పడం న్యాయం కాదన్నది ఆయన పట్టుదల.

రాతి మీద ఏముందో దుబాసీ చెప్పగానే పాల్‌కు కోపం వచ్చింది. ఆయనకు ఆ క్రియ చివర 'మేము' వినపడింది. మేము అంటే జపానువాళ్ళు. బాంబు వేసింది వాళ్ళు కాదే! వేసినవాళ్ళ చేతులింకా శుభ్రం కాలేదు, దెబ్బ తిన్నవాళ్ళు తప్పు ఒప్పుకోవడమేమిటన్నారు. కొట్టినవాడు పోతూ పోతూ, కొట్టించుకున్నవాడి చేత దణ్ణం పెట్టించుకుపోయినట్టు కనిపించింది ఆయనకు. రెండు వందల ఏళ్ళు తెల్లవాళ్ళ కింద ఉన్న దేశంనుంచి వెళ్ళిన మనిషికి ఆ దృశ్యం కొత్త కాదు. కరువులో చచ్చింది మన జనం, సోమరిపోతులని బిరుదు కూడా మన జనానికే.

సైకా ఊరుకోలేదు. పాల్‌కు ఉత్తరం రాశారు. ఇది జపానువాళ్ళు ఎవరికో చెప్పుకున్న క్షమాపణ కాదు, మనుషులందరూ చేసుకోవలసిన ప్రమాణమని. ఆ వాక్యాన్ని ఆయనే ఇంగ్లీషులోకి మార్చినప్పుడు మాత్రం కర్తను పెట్టక తప్పలేదు. 'వుయ్' అని పెట్టారు. ఇంగ్లీషు పట్టుకుని అడిగితే కర్త బయటపడక తప్పదు.

పాల్ పొరపడ్డారని చెప్పడం తేలిక. జపాను భాష రాదు, దుబాసీ మాట మీద తీర్పిచ్చారు అనొచ్చు. నేనలా అనలేను. 'మేము' అన్న ఆ పాఠంలో, ఆయన అనుకున్నది కాకుండా, మరో నిజముంది. హిరోషిమా అమాయకంగా నిద్రపోతున్న పల్లెటూరు కాదు. 1894లో చైనాతో యుద్ధానికి చక్రవర్తి తన యుద్ధశిబిరాన్నే టోక్యోనుంచి ఆ ఊరికి మార్చాడు. అక్కడి ఉజినా రేవునుంచే తరతరాల సైనికులు ఓడలెక్కి చైనాకూ కొరియాకూ ఆగ్నేయాసియాకూ వెళ్ళారు. రేవు దగ్గర జెండాలూపి సాగనంపిన జనం ఆ ఊరివాళ్ళే. ఆ సంగతి అక్కడి మ్యూజియంలోనే ఇప్పుడు చూపిస్తున్నారు. దానివల్ల చంటిపిల్లల మీద బాంబు వేయడం న్యాయమైపోదు. ఒకటి ఇంకోదానికి చెల్లు కాదు. కానీ 'మేము' అని ఆ ఊరు అనుకోవలసిన ఒక తప్పు ఉంది. అది ఆగస్టు 6 నాటిది కాదు, అంతకు ముందు యాభై ఏళ్ళది.

4

ఇక మనం.

తెలుగు మనకిచ్చిన పెద్ద సొత్తు ఇది. 'మేము', 'మనం'. ఎదుటివాణ్ణి వదిలేసి ఒకటి, కలుపుకుని ఒకటి. ఇంగ్లీషులో లేదు, జపానులో లేదు. పెళ్ళిచూపుల్లో 'మేము ఆలోచించుకుంటాం' అంటే ఒక అర్థం, 'మనం ఆలోచిద్దాం' అంటే ఇంకో అర్థం, కట్నాల మాట వచ్చినా రాకపోయినా. అయితే చిత్రం చూడండి, క్రియ చివర మాత్రం రెండిటికీ ఒకటే. 'మేం చేయం', 'మనం చేయం'. 'తప్పు మళ్ళీ చేయం' అని సర్వనామం వదిలేసి రాస్తే, సైకా రాతి మీదున్న సందిగ్ధంలో సగం తెలుగులోనూ నిలబడుతుంది! హోటలు గదిలో ఈ వాక్యం దొరికాక నాకు చాలా గర్వం వేసింది. అమ్మాయికి ఫోన్ చేసి చెప్తే, "నాన్నా, భోంచేశావా?" అంది.

సైకా కోరింది ఆ 'మనం'. హిరోషిమా మేయర్లూ అదే చెబుతూ వచ్చారు, కర్త మానవజాతి అని. రాతి పక్కన ఆ సంగతి వివరిస్తూ 1983లో ఒక పలక కూడా పెట్టారు. అయినా గొడవ ఆగలేదు. 2005 జులైలో ఒక యువకుడు సుత్తీ ఉలీ పట్టుకొచ్చి, వాక్యంలో ఒకే ఒక్క మాటను చెక్కేశాడు. 'అయమచి' అనే మాటను. తప్పు అని దాని అర్థం. తప్పు మాది కాదు అని వాడి వాదం. అంటే వాడికీ పాల్‌లాగే 'మేము' వినపడింది. నగరంవాళ్ళు రాయి బాగుచేయించి అదే మాటను మళ్ళీ చెక్కించారు.

ఆ 'మనం'తో నాకు పేచీ ఉంది. మానవజాతి తప్పు చేసింది అంటే వినడానికి గంభీరంగా ఉంటుంది. కానీ మానవజాతి విమానం ఎక్కలేదు. అందులో పేర్లున్న మనుషులున్నారు, వాళ్ళకు ఆజ్ఞ ఇచ్చిన అధ్యక్షుడున్నాడు, ఆ అధ్యక్షుడికి సలహా ఇచ్చిన కమిటీ ఉంది, దానికి మినిట్స్ పుస్తకం ఉంది. అవతల, చైనా మీదికి సైన్యాన్ని నడిపినవాళ్ళకూ పేర్లున్నాయి. అందరి తప్పూ అనేసరికి ఏ ఒక్కడూ నిలబడి చేయెత్తక్కర్లేదు. మా క్లాసులో అందరం కలిసి "పగిలిపోయింది మాస్టారూ" అన్నాం చూడండి, అది కూడా ఒక రకం 'మనం'. 2016 మేలో అమెరికా అధ్యక్షుడు ఒబామా ఈ పార్కుకు వచ్చారు. పదవిలో ఉండగా వచ్చిన మొదటి అమెరికా అధ్యక్షుడు. నిజంగా పెద్ద మనసు కావాలి దానికి, కాదనను. ఆయన ఉపన్యాసం ఎలా మొదలైందో గుర్తుందా? ఆకాశంనుంచి మృత్యువు రాలిపడిందన్నారు. రాలిపడింది! మామిడిపిందె రాలినట్టు. మాస్టారి కలం ఆ మొదటి వాక్యం దగ్గరే ఆగేది.

మరి 'మనం' వట్టి బూటకమా అంటే అదీ అనలేను. 2024లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న హిదాంక్యో అనే బాధితుల సంఘం 1956నుంచీ దేశదేశాలు తిరిగి చెబుతున్నది ఈ 'మనం' గురించే. ఒళ్ళు కాలిన మనిషి, మాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదు అని 'మనం' అంటే దానికున్న బరువు వేరు. అధికారంలో ఉన్నవాడు 'మనం' అన్నప్పుడే జేబు తడుముకోవాలి. ఆ బాధితుల సంఖ్య 2025 నాటికి లక్షలోపుకు పడిపోయింది, సగటు వయసు 86 దాటింది. వాళ్ళ తర్వాత ఆ మాట అనేవాళ్ళు ఎవరు?

5

కర్త సంగతి తేలలేదు. తేలదు కూడాననుకుంటాను. ఇప్పుడు కర్మ సంగతి చూద్దాం. మన వ్యాకరణంలో కర్మ అంటే కర్త చేసిన పని ఎవరి మీద పడిందో వాళ్ళు. మన ఇళ్ళల్లో కర్మ అంటే ఇంకో అర్థం, తలరాత. వాళ్ళ కర్మ అలా కాలింది అంటాం. ఇలా అన్నప్పుడల్లా వ్యాకరణంలోని కర్మను తీసి తలరాతలో పారేస్తున్నామని నాకిప్పుడు అనిపిస్తుంది.

హిరోషిమావాళ్ళు కర్తను చెక్కలేదు, నిజమే. కానీ ఆ రాతిపెట్టె డొల్ల కాదు. లోపల పుస్తకాలున్నాయి. నిండా పేర్లు. బాంబు పడ్డరోజు పోయినవాళ్ళవే కాదు, ఆ బాంబుకు గురై బతికి, తర్వాత ఏ ఏడాది ఏ కారణంతో పోయినా, ఆ పేరు చేరుస్తారు. కుంచెతో, చేత్తో రాస్తారు. ప్రతి ఆగస్టు 6 ఉదయం ఆ ఏడాది పేర్లతో కొత్త సంపుటాన్ని తెచ్చి పెట్టెలో పెడతారు. ఇప్పటికి 3,40,000 దాటాయి పేర్లు. సంపుటాలు నూట పాతిక పైనే. అందులో ఒక పుస్తకంలో ఒక్క పేరూ ఉండదు. పేరు తెలియనివాళ్ళ కోసం ఉంచిన పుస్తకం అది. దాన్నీ మిగిలినవాటితో సమానంగా, అదే పెట్టెలో, అంతే భద్రంగా ఉంచుతారు.

ఏటా మే నెలలో ఈ పుస్తకాలన్నిటినీ బయటికి తీస్తారు. పెట్టెలో చెమ్మ పడుతుంది కదా. తెల్లటి గుడ్డ పరిచి, చేతికి తొడుగులు వేసుకుని, ఒక్కో పుస్తకం తెరిచి పేజీలు ఒకటొకటిగా గాలికి తిప్పుతారు. ఈ మాట వినగానే నాకు మా తాతగారు తాటాకు పుస్తకాలు ఆరబెట్టడం గుర్తొచ్చింది. పేరు తెలియనివాళ్ళ పుస్తకాన్నీ ఆరబెడతారా అని అక్కడివాళ్ళను అడిగాను. అదేం ప్రశ్న అన్నట్టు చూశారు.

పార్కు ఉత్తరం మూల పచ్చిక కప్పిన మట్టిదిబ్బ ఒకటుంది. దానికింద సుమారు 70,000 మంది అస్థికలున్నాయి. చాలావరకు ఎవరివో తెలియనివి. అందులో 800 పైచిలుకు మందికి పేర్లు తెలుసు. తీసుకెళ్ళడానికి చుట్టాలెవరూ రాలేదు. ఆ పేర్ల జాబితాను ఇప్పటికీ ఏటా అచ్చువేసి దేశమంతా పంపుతున్నారు, ఎవరైనా వస్తారేమోనని. ఎనభై ఏళ్ళయినా.

మ్యూజియంలో ఒక టిఫిన్ డబ్బా ఉంది. మిడిల్ స్కూలు మొదటి ఏడాది పిల్లవాడిది. ఆ ఏడాది బడిపిల్లలను పాఠాలు మాన్పించి, విమానదాడుల్లో మంటలు పాకకుండా ఇళ్ళు కూల్చే పనికి పంపేవారు. అలా పనిలో ఉన్న పిల్లలు వేలమంది ఆ ఉదయం పోయారు. వీణ్ణి వాళ్ళమ్మ వెతికి వెతికి పట్టుకుంది. శరీరం కింద ఈ డబ్బా ఉంది. బియ్యంలో బార్లీ, సోయా కలిపి వండిన అన్నం, ఇంత కూర. మూత నొక్కుకుపోయింది, లోపలంతా నల్లటి బొగ్గు. తినలేదు. 8.15కి ఎవరు మాత్రం క్యారేజీ విప్పుతారు? నేను దానిముందు చాలాసేపు నిలబడ్డాను. పక్కన ఎవరిదో పాప వాళ్ళమ్మను ఏదో అడిగింది, వాళ్ళమ్మ జవాబు చెప్పకుండా పాప చెయ్యి పట్టుకుంది.

పేర్ల దగ్గర కూడా వాళ్ళు ముందునుంచీ పెద్దమనసుతో ఉన్నారని కాదు. ఆ రోజు పోయినవాళ్ళలో వేలమంది కొరియావాళ్ళున్నారు, చాలామందిని పనికోసం తెచ్చినవాళ్ళు. వాళ్ళ స్మారకాన్ని 1970లో కట్టుకుంటే, పార్కు లోపల చోటు దొరక్క ఏటి అవతలి ఒడ్డున నిలబెట్టుకున్నారు. తాబేలు వీపు మీద నిలువురాయి. లోపలికి వచ్చింది 1999లో. చచ్చాక కూడా వంతెన దాటడానికి ఇరవై తొమ్మిదేళ్ళు పట్టింది.

మరొకాయన సంగతి చెప్పకుండా ఉండలేను. మోరి షిగెయాకి. బాంబు పడేనాటికి ఎనిమిదేళ్ళవాడు. పెద్దయ్యాక ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో, ఆ బాంబుకు చచ్చిపోయిన అమెరికన్ యుద్ధఖైదీలు ఎవరో వెతికాడు. పన్నెండుమంది. వాళ్ళ బాంబే వాళ్ళను చంపింది. దశాబ్దాలపాటు ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, ఆ పన్నెండు కుటుంబాలనూ పట్టుకున్నాడు. తన ఊరిని కాల్చినవాళ్ళ మనుషుల పేర్లు! ఒబామా వచ్చిన రోజు కావలించుకున్నది ఈయన్నే. ఆ ఉపన్యాసంలో రాలిపడిన మృత్యువును నేను మరచిపోయినా, ఆ కౌగిలిని మరవను.

ఒకినావాలో ఇంకో పార్కుంది, మబుని కొండ మీద. అక్కడ 1995లో నిలబెట్టిన నల్లరాతి గోడల మీద యుద్ధంలో పోయినవాళ్ళవి రెండు లక్షల నలభై వేలకు పైగా పేర్లు. జపాను సైనికుడు, ఒకినావా రైతు, అమెరికన్ సిపాయి, కొరియా కూలీ, అందరూ. అక్కడ ప్రమాణాల వాక్యం కోసం ఎవరూ కొట్టుకోరు. నేను చూడలేదు, చూడాలని ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. స్మారకం మీద కర్త లేకపోతే ఓర్చుకోవచ్చు, చరిత్ర పుస్తకాలూ కోర్టులూ ఆ పని చేయాలి, చేయకపోతే నిలదీయాలి. కానీ కర్మ లేకపోతే మాత్రం ఆ రాయికి విలువ లేదు. ఎంతమంది అని కాదు, ఎవరెవరు అని చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఖాళీ పుస్తకమైనా ఒకటి లోపల ఉండాలి, ఏటా దాన్ని ఎవరో ఒకరు ఆరబెట్టాలి.

6

ఇంక నా పగిలిన కుండ.

పార్కులో వాలంటీర్లుంటారు, వచ్చినవాళ్ళకు తిప్పి చూపించేవాళ్ళు. నాకు దొరికినావిడకు డెబ్భై అయిదేళ్ళుంటాయి. ఇంగ్లీషు నెమ్మదిగా, శుభ్రంగా మాట్లాడుతుంది. చెప్పడం అయ్యాక చెట్టుకింద బెంచీ మీద కూర్చున్నాం. ఏ ఊరు మీది అంది. విశాఖపట్నం అన్నాను, బంగాళాఖాతం ఒడ్డున రేవు అన్నాను. రేవంటే మరి యుద్ధం మీదాకా వచ్చిందా అని అడిగింది.

మా మామ్మ ఎప్పుడూ ఒక లెక్క చెప్పేది. మా నాన్నకు మాటలొచ్చింది బాంబులు పడ్డ ఏడు. మా పెదనాన్న పెళ్ళి చెడిపోయింది బాంబులు పడ్డ ఏడు. ఆ ఏడు ఊరు ఊరంతా ఖాళీ చేసి, మూటలు కట్టుకుని, ఎడ్లబళ్ళలో లోపలి పల్లెలకు పోయింది. మావాళ్ళు చోడవరం వైపు వెళ్ళారు. నేను ఆ మాట వింటూ పెరిగాను. ఆవిడ అడగ్గానే అదే నోటికొచ్చింది.

"వచ్చింది. 1942 ఏప్రిల్ 6న మా ఊళ్ళో కూడా బాంబులు పడ్డాయి" అన్నాను.

"ఎవరు వేశారు?" అంది.

పడ్డాయి అన్నాను నేను. రాలాయి అన్నట్టు. ఒబామాను ఎర్రసిరాతో దిద్దినవాణ్ణి! ఎదురుగా ఉన్న పెద్దావిడను నొప్పించడం ఇష్టంలేక, నోరు తనంతట తానే కర్తను మింగేసింది. సైకా కూడా ఇలాగే ఎవరినో నొప్పించలేక మింగి ఉంటారా? ఆ రాతిని ఆవిష్కరించిన ఏడాదే, 1952 ఏప్రిల్ దాకా, ఆ దేశం అమెరికా సైన్యం కిందే ఉంది. ఏమో.

"జపాను విమానాలు. ర్యూజో అనే ఓడ మీదినుంచి వచ్చాయి. అదేరోజు కాకినాడ మీద కూడా వేశాయి" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. క్షమించమని కూడా అనలేదు, అంటే నేను ఇబ్బంది పడేవాణ్ణి. సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి, తేదీ రాసుకుంది. ఊరి పేరు ఎలా పలకాలో రెండుసార్లు అడిగి రాసుకుంది. కలం అలాగే పట్టుకుని, "పోయినవాళ్ళ పేర్లు?" అంది.

నాకు తెలియదు. మా మామ్మకు తెలియదు. పెళ్ళి చెడిపోయిన సంగతి గుర్తుంది మా ఇంట్లో, పక్కపేటలో పోయిన మనిషి పేరు లేదు. ఈ ఊళ్ళో సముద్రం ఒడ్డున 1971 యుద్ధవిజయానికి స్తూపం ఉంది, దాని ఎదుట నేను వందసార్లు పల్లీలు తిన్నాను. 1942లో పోయిన మనిషి పేరు ఏ రాతి మీదా నాకింతవరకూ కనబడలేదు. తెలియదన్నాను. ఆవిడ తలూపి, తేదీ కింద నాలుగు గీతల చోటు వదిలి, పుస్తకం మూసింది.

అందుకని ఒక మనవి. ఈ సభకు పాతపోస్టాఫీసు వైపునుంచీ, రేవు వైపు పేటలనుంచీ వచ్చినవాళ్ళు ఉంటారు. మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళు ఎవరైనా ఆ ఏడాది సంగతి చెప్పి ఉంటే, ఒక పేరు, ఇంటిపేరు, కనీసం ఫలానావాళ్ళ అబ్బాయి అన్న మాటయినా ఉంటే, సభ అయ్యాక వెళ్ళిపోకండి. కింద టీలు పోసే చోట ఉంటాను. నోటుపుస్తకం, కలం తెచ్చుకున్నాను. ఎర్రసిరా కాదులెండి.